గ్రో బ్యాగుల కింద ముడుచుకునే పురుగులు: మొలకలను తినేది ఇవేనా?

ప్రశ్న: మాది అనంతపురం. ఎనిమిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మూడో అంతస్తు మిద్దె మీద నలభై గ్రో బ్యాగుల్లో ఆకుకూరలు, వంగ, టమాటా పెంచుతున్నాను. వానలు మొదలైనప్పటి నుంచి తోటకూర, పాలకూర విత్తిన పది రోజులకే మొలకలు మాయమైపోతున్నాయి. సంచులు పక్కకు జరిపితే వాటి కింద బూడిదరంగు పురుగులు పదుల కొద్దీ కనిపిస్తున్నాయి. ముట్టుకుంటే మిరియపు గింజలా గుండ్రంగా ముడుచుకుంటాయి. కంపోస్టు డబ్బాలోనూ అవే ఉన్నాయి. మొక్క దగ్గర పురుగన్నదే ఉండకూడదని మా అత్తగారు అంటున్నారు. నర్సరీ అతను గుళికల మందు చల్లమన్నాడు. మా ఆరేళ్ల పాప వాటిని అరచేతిలో పెట్టుకుని ఆడుకుంటుంది. ఒక పురుగు ముందు సగం బూడిదగా, వెనక సగం తెల్లగా ఉంటే దానికి జబ్బు చేసిందా అని అడిగింది. మా ఊళ్లో నేనెప్పుడూ వీటిని చూడలేదు. ఇవి పంటకు హాని చేసేవేనా? ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందుగా ఆ గుళికల మందును పక్కన పెట్టండి. దాని సంగతి తరువాత వివరంగా చెబుతాను. మీరు వర్ణించిన పురుగులను తోటపని చేసేవారు పిల్‌బగ్‌లు అంటారు. ఇవి వుడ్‌లౌస్ అనే పెద్ద వర్గంలోవి. ప్రధానంగా ఎండిన ఆకులు, కుళ్లిన కాడలు, మెత్తబడిన చెక్క తిని బతుకుతాయి. లేత మొలకను ఇవి ముట్టవని నేను అనను, కొన్ని పరిస్థితుల్లో తింటాయి. అయితే మీ తోటకూర మాయం కావడానికి కారణం ఇవేనని చెప్పడానికి, సంచీ కింద కనిపించడం ఒక్కటే చాలదు. పగలంతా తడి నీడలో దాక్కోవడం వీటి స్వభావం కాబట్టి, వేరెవరో తిన్న మొక్క కిందనైనా ఇవే కనిపిస్తాయి.

మన భాషలో పురుగు అన్న మాట చాలా విశాలమైనది కనుక వీటినీ పురుగులనే పిలుచుకుందాం. నిజానికి ఇవి కీటకాలు కావు. కీటకానికి ఆరు కాళ్లుంటాయి, వీటికి ఏడు జతలు, అంటే పద్నాలుగు కాళ్లు. ఇవి రొయ్యలు, పీతల వంశానికి చెంది, నీటిని విడిచి నేల మీద స్థిరపడిన జీవులు. ప్రపంచంలో ఇలాంటి నేల జాతులను 3,500కు పైగా గుర్తించారు. వాటిలో కొన్ని మాత్రమే పూర్తిగా బంతిలా ముడుచుకోగలవు. వానాకాలంలో మన గోడల వెంట పాకే రోకలిబండ కూడా ముట్టుకుంటే చుట్టుకుంటుంది గానీ, అది జిలేబీ చుట్టలా చుట్టుకుంటుంది. పిల్‌బగ్ గోళీలా మూసుకుంటుంది. కొడగు, చిక్కమగళూరు వైపు వెళ్లినప్పుడు కాఫీ తోటల్లో పెద్ద గోళీలంత నల్లని బంతులను మీరు చూసి ఉంటే, అవి ముడుచుకునే మరో రకం రోకలిబండలు. వాటికి నడుము భాగంలో ఒక్కో పలకకు రెండేసి జతల కాళ్లుంటాయి. వాటికీ వీటికీ పోలిక పైకి మాత్రమే.

నీటి జీవుల వంశం అని ఊరికే చెప్పడం లేదు, మీ సమస్యకు తాళంచెవి అక్కడే ఉంది. కీటకాల చర్మం మీద మైనం లాంటి పూత ఉండి ఒంట్లోని నీరు ఆవిరి కాకుండా కాపాడుతుంది. పిల్‌బగ్‌కు అటువంటి రక్షణ చాలా తక్కువ. అది ఊపిరి తీసుకునే అవయవాలు పొట్ట వెనక భాగంలో, అడుగు వైపున ఉంటాయి. అవి తడిగా ఉన్నంతవరకే పని చేస్తాయి. అందుకే పగటి ఎండలో తిరగదు, రాత్రిపూట బయటికి వస్తుంది, పొడిగాలి తగిలితే ముడుచుకుని తన తేమను తనలోనే దాచుకుంటుంది. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. బెంగళూరులో అది 970 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. పైగా ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల వేడి కూడా తక్కువ. దానికి తోడు మిద్దె మీద గచ్చుకు ఆనించి పెట్టిన నలభై సంచులు, వాటి కింద ఎప్పుడూ ఆరని తడి, అడుగు రంధ్రాల్లోంచి కారే ఎరువు నీళ్లు, చుట్టూ రాలిన ఆకులు ఉన్నాయి. ఊళ్లో ఎర్రనేల ఎండలో బతకలేని జీవికి మీ మిద్దె అన్ని వసతులూ ఉన్న ఇల్లయింది. ఇవి నర్సరీ మొక్కల మట్టితో, కొన్న కంపోస్టుతో, కుండీలతో మూడో అంతస్తుకైనా చేరగలవు.

కంపోస్టు డబ్బాలో ఇవి కనిపించడం గురించి మీరు దిగులు పడవలసిన అవసరం లేదు, నేనైతే దాన్ని మంచి సూచనగానే చూస్తాను. ఎండుటాకును ఎరువుగా మార్చేది చివరికి సూక్ష్మజీవులూ బూజులే. అయితే గట్టి ఆకు మొత్తంగా ఉన్నంతకాలం వాటి పని నెమ్మదిగా సాగుతుంది. పిల్‌బగ్‌లు ఆ ఆకును కొరికి, నలిపి, చిన్న గుళికల్లాంటి రెట్టగా మార్చి విడుస్తాయి. ఆ నలిగిన పదార్థం మీద సూక్ష్మజీవులు త్వరగా వృద్ధి చెందుతాయి. మన వీధుల్లోని కానుగ ఆకులను, కొబ్బరి పీచును, అట్టముక్కలను డబ్బాలో వేసి నెలల తరబడి ఎదురుచూసేవారికి ఈ సాయం విలువ తెలుస్తుంది. వీటి రక్తంలో ప్రాణవాయువును మోసేది మన రక్తంలోలాగా ఇనుము కాదు, రాగి. తిండిలోంచి వచ్చిన రాగిని, దానితోపాటు సీసం, కాడ్మియం వంటి లోహాలను కూడా ఇవి తమ జీర్ణగ్రంథిలో నిల్వ చేసుకుంటాయి. అందుకే గనుల చుట్టుపక్కల నేల ఎంత కలుషితమైందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వీటిని పట్టి పరీక్షిస్తారు.

ఇక పంటకు హాని మాట. వీటి దవడలు బతికున్న మొక్క ముదిరిన ఆకును, గట్టిపడిన కాండాన్ని కొరకడానికి అనువైనవి కావు. మీ వంగ, టమాటా మొక్కలు జానెడు ఎదిగి ఉంటే వాటికి వీటి వల్ల భయం లేదు. ప్రమాదమంతా మూడు చోట్ల ఉంది. ఒకటి, అప్పుడే మట్టిలోంచి తలెత్తిన మొలక, ముఖ్యంగా రెండు బీజదళాల దశలో ఉన్నది. రెండు, తడి నేలకు ఆని ఉన్న మెత్తని పండు: స్ట్రాబెర్రీ, నేల మీద పాకిన దోస, గుమ్మడి పిందె, నేలను తాకిన టమాటా. ఇక్కడ కూడా చాలాసార్లు పండుకు ముందే పగులో, నత్త కొరికిన గాయమో ఉంటుంది. పిల్‌బగ్‌లు అందులో చేరి దాన్ని పెద్దది చేస్తాయి. మూడు, మట్టి పైకి తేలిన ముల్లంగి వంటి దుంపలు.

పొలాల్లో కూడా ఇవి చీడగా మారిన సందర్భాలున్నాయి, దాచవలసిన పని లేదు. అర్జెంటీనాలోనూ, అమెరికాలోని కాన్సాస్‌లోనూ దున్నకుండా విత్తే పద్ధతిలో సాగు చేసిన సోయా చేలలో పిల్‌బగ్‌లు మొలకలను కొరికి నష్టం చేశాయి. ఆస్ట్రేలియాలో కనోలా అనే నూనెగింజ పంట మొలకల విషయంలోనూ ఇదే అనుభవం. దున్నని నేల మీద గత పంట మోళ్లూ ఆకులూ దట్టంగా మిగలడం, వాటి కింద తేమ నిలిచి పిల్‌బగ్‌ల సంఖ్య విపరీతంగా పెరగడం, సరిగ్గా ఆ సమయానికే లేత మొలకలు పైకి రావడం అన్నవి అక్కడ ఒక్కచోట కూడాయి. అంటే వీటిని చీడ అనాలా, నేస్తం అనాలా అన్నది జీవి స్వభావాన్ని బట్టి కాక, సంఖ్య, తడి, మొలక వయసు అనే మూడింటిని బట్టి తేలుతుంది. మీ మిద్దె మీద ఈ మూడింటినీ మార్చగల శక్తి మీ చేతుల్లోనే ఉంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. బెంగళూరుకు వచ్చిన తొలి సంవత్సరాల్లో నేనూ మీలాగే కంగారుపడి, ఒక ఆదివారం మడుల మీద కప్పిన ఎండుగడ్డినీ ఆకులనూ పూర్తిగా ఎత్తిపారేసి, శుభ్రంగా ఊడ్చి, అదే సాయంత్రం చిక్కుడు, గోంగూర విత్తనాలు వేశాను. విత్తనాలు మొలిచాక రాత్రి టార్చి వేసి చూస్తే, పిల్‌బగ్‌లు మొలకల మీదే ఉన్నాయి. అంతకుముందు ఎన్నడూ అవి నా మొక్కను ముట్టలేదు. వాటికి నిత్యం దొరికే ఎండుటాకును నేనే ఒక్కసారిగా తీసేశాను, తడి మాత్రం అలాగే ఉంచాను. ఆకలితో ఉన్న జీవికి ఆ మడిలో మెత్తగా మిగిలింది నా మొలకలే. ఆ విత్తనాలు పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే ఆ గోంగూర విత్తనం మా ఊరి నుంచి మా అమ్మ పంపినది. కాబట్టి ఎవరైనా మీకు చెత్తంతా ఊడ్చేయమని సలహా ఇస్తే, విత్తే ముందు రోజు మాత్రం ఆ పని చేయకండి.

మీ మొలకలను నిజంగా ఏది తింటోందో తేల్చుకోవడానికి రెండు మూడు రాత్రులు కేటాయించండి. రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య టార్చి తీసుకుని చప్పుడు లేకుండా వెళ్లి, సంచీ కింద కాకుండా మొలక మీద, దాని మొదట్లో ఏముందో చూడండి. వెండి తీగలా మెరిసే జిగురు చార ఉంటే అది నత్త గానీ, గుల్లలేని నత్త గానీ అయి ఉంటుంది. బెంగళూరు వానాకాలంలో ఆకుకూరల మొలకలకు నేను మొదట అనుమానించేది వాటినే. 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చిన ఆఫ్రికా పెద్ద నత్త దేశమంతా వ్యాపించింది. గోడలెక్కి మిద్దెల మీదికి కూడా వస్తుంది, ఒక్క రాత్రిలో ఒక ట్రే నారును ఖాళీ చేయగలదు. దానిని చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, పాపను అసలే ముట్టుకోనివ్వవద్దు, ఎందుకంటే దాని ద్వారా మెదడుకు సోకే ఒక నులిపురుగు మనుషులకు వచ్చే అవకాశం ఉంది. మొలక నేలమట్టానికి కత్తిరించినట్టు తెగి పక్కన పడి ఉంటే, ఆ మొక్క చుట్టూ ఒక అంగుళం లోతున మట్టి కెలకండి. సగం చుట్ట చుట్టుకుని పడుకున్న లావుపాటి మట్టిరంగు గొంగళి దొరకవచ్చు. అదీ ముట్టుకుంటే ముడుచుకుంటుంది, కానీ దాని ఒళ్లు మెత్తన, పిల్‌బగ్ వీపు మీద పెంకు పలకలుంటాయి. పగటిపూట మొలకలు పోతుంటే ఉడుతనో, పిట్టనో చూసుకోవాలి, పిల్‌బగ్‌లను కాదు.

మీ ఉత్తరంలోని ఒక వివరం మాత్రం నన్ను మరో వైపు ఆలోచింపజేసింది. విత్తిన పది రోజులకే, అదీ వానలు మొదలయ్యాకే మొలకలు పోతున్నాయని రాశారు. తోటకూర, పాలకూర ఒత్తుగా విత్తి, రోజూ సాయంత్రం నీళ్లు పోసి, పైన మబ్బు కమ్ముకుని ఉంటే, ఆ వయసు మొలకలకు సహజంగా వచ్చేది నారుకుళ్లు తెగులు. పిథియం, రైజోక్టోనియా అనే సూక్ష్మజీవుల వల్ల మొలక మొదలు నీరుపట్టినట్టు మెత్తబడి, గోధుమరంగుకు తిరిగి, దారంలా సన్నబడి, మొక్క అడ్డంగా వాలిపోతుంది. వాలిన మొక్క ఒకటి రెండు రోజుల్లో కుళ్లుతుంది. కుళ్లిన దానిని తినడానికి పిల్‌బగ్‌లు వస్తాయి. మీరు మూడో రోజు ఉదయం వెళ్లి చూసేసరికి మొక్క ఉండదు, దాని చోట పురుగు ఉంటుంది. చూసినవారెవరైనా పురుగే తిన్నదనుకుంటారు, కానీ ఆ మొక్క అప్పటికే చచ్చిపోయింది. నా దగ్గరికి వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో చాలా వాటికి అసలు సంగతి ఇదే. తెల్లవారుజామున వెళ్లి, ఇంకా నిలబడి ఉన్న మొలకల మొదళ్లను వంగి పరిశీలించండి. వాటిలో కొన్నయినా మెత్తబడి వాలుతుంటే మీకు జవాబు దొరికినట్టే. అప్పుడు పురుగులను ఎన్ని చంపినా తోటకూర రాదు.

ఇలా గమనించడంతో పాటు చిన్న పరీక్ష ఒకటి చేయండి. ఒకే విత్తనాన్ని, ఒకే మట్టిని రెండు చిన్న ట్రేలలో వేసి, ఒక దానిని గచ్చు మీద, పాత సంచుల మధ్యనే పెట్టండి. రెండో దానిని ఇనుప స్టాండు మీదికి ఎక్కించి, స్టాండు కాళ్లను నీళ్లు పోసిన గిన్నెల్లో నిలపండి. మన ఇళ్లలో చీమలు పట్టకుండా చక్కెర డబ్బా పెట్టే పద్ధతే ఇది. గిన్నెల్లో దోమలు పెరగకుండా రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. రెండు ట్రేలలోనూ మొలకలు వాలితే తెగులు మట్టిలోనే ఉంది. కింది ట్రేలో మాత్రమే పోతే పాకే జీవి ఏదో తింటోంది. టార్చి వెలుగులో అది పిల్‌బగ్ అని మీ కళ్లతో చూస్తే, అప్పుడు దానిని నమ్మవచ్చు.

తెగులైనా పురుగైనా మొదటి మందు తడి తగ్గించడమే, అది రెండింటికీ ఒకేలా పని చేస్తుంది. సాయంత్రం కాకుండా ఉదయం నీళ్లు పోయండి. అప్పుడు రాత్రికి పైమట్టి ఆరి ఉంటుంది. సంచులను గచ్చుకు ఆనించకుండా ఇటుకల మీదో, స్టాండ్ల మీదో ఎత్తండి. కింద గాలి ఆడితే పిల్‌బగ్‌లకు పగటి నివాసం పోతుంది, మీ ఇంటి స్లాబుకూ మేలు జరుగుతుంది. నారుకు సగం మాగిన కంపోస్టు వాడవద్దు, ముక్కలు కనిపించని, మట్టి వాసన వచ్చే ఎరువే వాడండి. విత్తనాలు పలచగా చల్లండి. విత్తే ముందు కిలో విత్తనానికి 10 గ్రాముల లెక్కన ట్రైకోడెర్మా విరిడే అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి పట్టిస్తే నారుకుళ్లు నుంచి కొంత రక్షణ ఉంటుంది. మీకు కావలసిన గుప్పెడు విత్తనానికి చిటికెడు చాలు. వంగ, టమాటా, మిరప వంటి వాటిని ఎత్తున పెట్టిన ట్రేలో నారు పోసి, నాలుగైదు ఆకులు వచ్చాక సంచుల్లో నాటండి. తోటకూర, పాలకూరను నేరుగానే విత్తుకోవాలి కనుక, విత్తిన చోట మూడు వారాల పాటు ఆకుల కప్పు వేయకండి. అయితే సంచీ అంచున ఒక పక్కగా గుప్పెడు తడి ఎండుటాకులను ఉంచండి, వాటి తిండి వాటికి అక్కడ దొరుకుతుంది. మొక్కలు జానెడు ఎదిగాక కప్పును మళ్లీ పరచవచ్చు, కాండానికి మాత్రం రెండు మూడు అంగుళాల దూరం వదలండి.

సంఖ్య మరీ ఎక్కువగా ఉందనిపిస్తే పట్టి తరలించడం చాలా సులువు. సాయంత్రం గుజ్జు గీసేసిన పుచ్చకాయ తొక్కను గానీ, లోపల తొలిచిన సగం బంగాళాదుంపను గానీ మట్టి మీద బోర్లించండి. అవి లేకపోతే తడిపిన గోనెపట్టా మడత చాలు. తెల్లవారాక దానిని ఎత్తితే లోపల అవి గుంపుగా ఉంటాయి. వాటిని అలాగే కంపోస్టు డబ్బాలోకి దులిపేయండి, అక్కడ అవి మీకు పనికొస్తాయి. వరుసగా వారం రోజులు ఇలా చేస్తే నారు దగ్గరి సంఖ్య బాగా తగ్గుతుంది. దోస, గుమ్మడి పిందెల కింద పెంకు ముక్కనో, పొడి కొబ్బరి పీచునో పెట్టండి.

గుళికల మందు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. నర్సరీలలో గుళికలంటే చాలామందికి గుర్తొచ్చే ఫోరేట్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించారు. పాత నిల్వలెవరైనా అమ్మినా కొనకూడదు. అటువంటి మందులు వేళ్ల ద్వారా మొక్కలోకి ఎక్కుతాయి, మీరు తినేది ఆ ఆకునే. నెల తిరగకుండా కోసుకునే తోటకూరలో వాటి అవశేషాలు తగ్గేంత వ్యవధి ఉండదు. పైగా అదే మట్టిలో ఉన్న వానపాములూ, తొలి దశ ఎరువు తయారు చేసే జీవులన్నీ పోతాయి, ఆరేళ్ల పాప చేతులు ఆ మట్టిలోనే ఉంటాయి. నత్తల కోసం అమ్మే మెటాల్డిహైడ్ గుళికలు పిల్‌బగ్‌లకు ఉద్దేశించినవి కావు, ఇంట్లో కుక్క ఉంటే దానికి ప్రాణాపాయం కూడా. మీ అత్తగారి మాటలో మొక్కల మీది శ్రద్ధ ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. ఆమెను ఒక రాత్రి టార్చితో మీ వెంట తీసుకువెళ్లండి, కంపోస్టు డబ్బా మూత తెరిచి అవి ఆకును ఎలా నలుపుతున్నాయో చూపించండి.

పాప విషయంలో భయపడకండి. వీటి పేరులో పేను అనే అర్థం వచ్చే మాట ఉన్నా ఇవి మనుషుల రక్తం తాగవు, కరవవు, కుట్టవు. చెద కూడా కాదు కాబట్టి తలుపులను, గడపలను తినవు. ఆడిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు, అదీ వీటి వల్ల కాక మట్టి వల్ల.

సగం తెల్లగా ఉన్నది చూసి అది జబ్బా అని అడిగిందంటే పాప చాలా జాగ్రత్తగా గమనించిందన్నమాట. అది జబ్బు కాదని చెప్పండి, పిల్‌బగ్ కుబుసం విడుస్తోంది. పాములా ఒకేసారి కాకుండా ఇది రెండు విడతలుగా విడుస్తుంది: ముందు వెనక సగం చొక్కా, కొన్ని రోజులకు ముందు సగం. మధ్యలో అలా రెండు రంగులుగా కనిపిస్తుంది. కొత్త చర్మం గట్టిపడే దాకా అది మెత్తగా, బలహీనంగా ఉంటుంది కనుక ఆ ఒక్కదాన్ని మాత్రం చేతిలోకి తీసుకోకుండా తడి ఆకు కింద వదిలిపెట్టమనండి. విడిచిన చొక్కా కోసం మర్నాడు వెతికితే దొరక్కపోవచ్చు, దాన్ని అదే తినేస్తుంది. అదృష్టముంటే పాపకు మరొకటి కూడా కనిపించవచ్చు: తల్లి తన పొట్ట కింద నీళ్లు నిండిన సంచీలో గుడ్లను మోస్తుంది, అందులోంచి బయటికి వచ్చే తెల్లని పిల్లలకు మొదట ఆరు జతల కాళ్లే ఉంటాయి. ఏడో జత ఆ తరువాత వస్తుంది. భూతద్దం ఉంటే పాపకు ఇచ్చి లెక్కపెట్టమనండి.